మిద్దె మీది చేపలకు చలి వేస్తే

కార్తీక దీపాలు కొండెక్కి ధనుర్మాసపు ముగ్గులు మొదలయ్యేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. వానాకాలమంతా పురుగుల గురించి రాసినవారు చలికాలంలో చేపల గురించి రాస్తారు. ఈసారి వచ్చిన వాటిలో హోసూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరాన్ని ముందుగా తీసుకుంటున్నాను. వారి మామగారు ఉద్యోగ విరమణ తరువాత మిద్దె మీద వెయ్యి లీటర్ల తొట్టి పెట్టి, పక్కనే కంకర మడులు కట్టించి చేపలూ కూరలూ కలిపి పెంచుతున్నారట. నలభై చేపలు. పోయిన పుష్యమాసంలో మూడు రోజుల్లో ఇరవై ఆరు పోయాయి. ఆ వారమంతా పెద్దాయన సరిగా అన్నం తినలేదు. మళ్ళీ చేపపిల్లలను తెచ్చే మాటే ఎత్తవద్దంటున్నారు. మనవడేమో రోజూ ఖాళీ తొట్టిలోకి తొంగిచూసి అడుగుతున్నాడు. అంగడివారు మాత్రం రెండు వేల వాట్ల హీటరు పెట్టుకుంటే ఏ బాధా ఉండదంటున్నారు. "కొనమంటారా?" అని ఆమె ప్రశ్న.

కొనవద్దమ్మా. కారణాలు చెప్పేముందు ఈ పద్ధతి కొత్తగా వింటున్నవారి కోసం నాలుగు మాటలు.

చేపలున్న నీటిని పంపుతో కంకర మడిలోకి ఎక్కిస్తారు. చేప మొప్పల నుంచీ మలం నుంచీ వచ్చే అమ్మోనియాను కంకరకు అంటిపెట్టుకున్న సూక్ష్మజీవులు ముందు నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటును మొక్కల వేళ్ళు పీల్చుకుంటాయి. తేటపడిన నీరు మళ్ళీ తొట్టిలోకి జారుతుంది. చేపకు మేత మనం వేస్తాం, మొక్కకు మేత చేప వేస్తుంది, మధ్యలో వంట చేసేది కంటికి కనబడని ఆ జీవులు. దీన్నే ఆక్వాపోనిక్స్ అంటున్నారు. ఈ విద్యను ఒక దారిలో పెట్టినవారిలో డాక్టర్ జేమ్స్ రాకొసీ ముఖ్యుడు. కరిబియన్ సముద్రంలోని వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయంలో ఆయన తిలాపియా చేపలతో ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆ దీవుల్లో చలికాలమనేది పేరుకే. మనవాళ్ళు చదివి కట్టుకునే తొట్ల లెక్కల్లో చాలా భాగం అటువంటి వెచ్చని చోట్ల నుంచి వచ్చినవే. హోసూరు మిద్దె మీద మాఘమాసంలో ఏం జరుగుతుందో ఆ లెక్కల్లో ఉండదు.

మన సభ్యులందరికీ ఈ బెడద సమానం కాదు. యానాం, చెన్నపట్నం, బరంపురం వైపు సముద్రం దగ్గరి వారు ఈ వ్యాసాన్ని సరదాగా చదువుకోవచ్చు. వారికి చలి అంటే తెల్లవారుజామున దుప్పటి కాళ్ళ మీదికి లాక్కోవడమే. బెంగుళూరు, కోలారు, హోసూరు వారి సంగతి వేరు. జనవరి రాత్రులు సగటున 15, 16 డిగ్రీలకు దిగుతాయి. ఒక్కొక్క ఏడు ఇంకా కిందికి పోతాయి. బెంగుళూరులో 1884 జనవరి 13న 7.8 డిగ్రీలు నమోదైంది. పుణె, నాసిక్, నాగపూరుల్లో పదికి దిగువన దిగే రాత్రులు ఏటా ఉంటాయి. ఒడిశాలో కొరాపుట్టు, సెమిలిగుడ ఎత్తు ప్రదేశాలు. ఇక ఉదకమండలంలో గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. అక్కడివారు చేపలను ఇంటి లోపల పెట్టుకోవడం మేలు.

చేపకు మనలాగా సొంత వేడి లేదు. నీరు ఎంత వెచ్చగా ఉంటే దాని ఒళ్ళూ అంతే. శీలావతి, బొచ్చె చేపలు 25 నుంచి 30 డిగ్రీల మధ్య చక్కగా తిని పెరుగుతాయి. 20 దాటి కిందికి వస్తే మేత మీద మనసు పోతుంది. 14 ప్రాంతంలో ప్రమాదం. పంగాస్ ఇంకా సుకుమారం. 20 లోపల తినడం మానేస్తుంది, 15 దగ్గర ప్రాణం మీదికి వస్తుంది. తిలాపియా 16 ప్రాంతంలో మేత ముట్టదు, పదీ పన్నెండు మధ్య చనిపోతుంది. అన్నింటిలోకీ గట్టిది బంగారుతీగ. పది డిగ్రీలకు దిగువన కూడా అడుగున కదలకుండా పడి ఉండి, ఎండ రాగానే లేచి తిరుగుతుంది. రంగురంగుల కోయి చేపలూ ఆ జాతివే గనుక వాటికీ ఆ ఓపిక ఉంది.

చలి చేపనొక్కదాన్నే కొట్టదు. కంకరలోని సూక్ష్మజీవులు కూడా మందగిస్తాయి. 25, 30 డిగ్రీల దగ్గర చేసే పనిలో 18 దగ్గర సుమారు సగమే చేస్తాయి. పది దగ్గర పావు వంతు. అంటే తొట్టిలో వేసిన మేత చేప తినదు, తిన్నది అరగదు, మిగిలినది కుళ్ళి అమ్మోనియా అయితే దాన్ని మార్చేవారుండరు. హోసూరు ఉత్తరంలో నా కళ్ళు ఆగిన వాక్యం ఇది: చలికి ఒంట్లో సత్తువ ఉండాలని మామగారు రోజూ మామూలు కంటే ఒక పిడికెడు ఎక్కువ మేత వేశారట. మనవరకు అది న్యాయమే. చలికాలంలో నువ్వుండలు తింటాం, మినపసున్ని చేసుకుంటాం. ఆయన చేపలను ఇంట్లో పిల్లల్లా చూసుకున్నారు, అంతే. ఆ చేపలు పంగాస్ అని కూడా ఉత్తరంలో ఉంది. చలికి సగం పోయి ఉంటే, మిగిలిన సగం ఆ మేత వల్ల పాడైన నీటికి పోయి ఉంటాయి. నైట్రైటు పెరిగిన నీటిలో చేప ఊపిరాడక పైకి వచ్చి నోరు తెరుస్తుంది. చూసినవారు చలికి వణుకుతోందనుకుంటారు.

కాబట్టి మొదటి మందు మేత తగ్గించడం. దానికి పైసా ఖర్చు లేదు. నీరు 25 పైన ఉంటే మామూలు మేత. 20కీ 25కీ మధ్య సగం. 16 నుంచి 20 దాకా రోజుకు ఒక్కసారి, అదీ మధ్యాహ్నం ఒంటిగంట రెండు గంటల వేళ, పది నిమిషాల్లో తినేసేంతే. ఆ లోపల అయితే పూర్తిగా ఉపవాసం. చేప వారం పది రోజులు తినకపోయినా ఏమీ కాదు. దీనికి కావలసిన పనిముట్టు ఒక్కటే, నీటిలో వేలాడే థర్మామీటరు. చేతితో ముట్టుకుని "వెచ్చగానే ఉంది" అనుకోవడం కుదరదు. తెల్లవారుజామున మన చేయే చల్లగా ఉంటుంది గనుక నీరు ఎప్పుడూ వెచ్చగానే తోస్తుంది.

ఇప్పుడు హీటరు లెక్కకు వద్దాం. వెయ్యి లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ వేడి చేయడానికి 1.16 యూనిట్ల కరెంటు కావాలి. ఈ ఒక్క అంకె గోడ మీద రాసి పెట్టుకోండి. సాయంత్రం ఆరింటికి నీరు 23, పొద్దున్న ఆరింటికి 19 ఉందనుకుందాం. నాలుగు డిగ్రీలు పోయాయి. అంటే రాత్రి మీ తొట్టి సుమారు 4.6 యూనిట్లు ఆకాశానికి దానం చేసింది. పన్నెండు గంటలకు పంచితే గంటకు 390 వాట్లకు కాస్త అటూ ఇటూ. మీకు నిజంగా కావలసిన హీటరు అంతే, రెండు వేలు కాదు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే రాత్రికి ముప్పై రెండు రూపాయలు, అరవై రాత్రులకు పంతొమ్మిది వందల పైచిలుకు. ఈ డబ్బుతో సంతలో ఎన్ని చేపలు వస్తాయో పెద్దాయన లెక్క వేయగలరు.

పెద్ద హీటరు వద్దనడానికి ఖర్చు ఒక్కటే కారణం కాదు. వేడి చాలగానే ఆపే థర్మోస్టాట్ ఏదో ఒకనాడు అంటుకుపోతుంది. 300 వాట్ల హీటరు రాత్రంతా ఆగకుండా వెలిగినా నీరు మూడు డిగ్రీలు పెరుగుతుంది, అందులోనూ చాలావరకు చలికే పోతుంది. రెండు వేల వాట్లది అలా ఇరుక్కుంటే పన్నెండు గంటల్లో ఇరవై డిగ్రీలు పెంచగలదు. తెల్లవారేసరికి తొట్టిలో చేపల పులుసే. అందుకని ఒక పెద్దదాని బదులు 200 వాట్లవి రెండు పెట్టడం తెలివి. ఒకటి పాడైనా రెండోది సగం పని చేస్తుంది.

అయితే కారే కుండలో నీళ్ళు పోస్తూ కూర్చునే ముందు చిల్లు పూడ్చాలి కదా. వేడి ఎటు పోతున్నదో చూడండి. వేసవిలో మట్టికుండ నీళ్ళు ఎందుకు చల్లబడతాయి? పైకి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది గనుక. మీ తొట్టి పైభాగం, తడి కంకర మడి రాత్రంతా చేసేది అదే పని. ఒక్క లీటరు నీరు ఆవిరైతే వెయ్యి లీటర్ల తొట్టి అర డిగ్రీకి పైగా చల్లబడుతుంది. పైగా మిద్దె మీద ఇంకో నష్టం ఉంది. మబ్బు లేని రాత్రి పైకప్పు లేని ప్రతి వస్తువూ తన వేడిని నేరుగా ఆకాశంలోకి వెళ్ళగక్కుతుంది. ఆరుబయట పెట్టిన స్కూటరు సీటు మంచుకు తడిసి, పందిరి కిందిది పొడిగా ఉండడం మీరు చూసే ఉంటారు. తొట్టి మీద ఒక పందిరి, అది తాటాకుదైనా, పాత చాపదైనా, నీడవలదైనా, చాలా వేడిని ఆపుతుంది.

తొట్టికి మూత రెండో పని. సాయంత్రం అయిదింటికి వేసి పొద్దున్న ఎండ తగిలాక తీయాలి. అంగుళం మందం థర్మోకోల్ పలకను తొట్టి కొలతకు కోసి, ప్లాస్టిక్ గుడ్డలో చుట్టి వాడండి. ఊరికే పెడితే ఎండకు పొడి రాలుతుంది, రాలిన గుండ్లు చేపలు మింగుతాయి. మూత నీటిని తాకకూడదు. మధ్య జానెడు గాలి, పక్కన ఒక సందు ఉండాలి. కొర్రమేను, మార్పు పెంచేవారికి ఇది మరీ ముఖ్యం. అవి పైకి వచ్చి గాలి పీల్చుకుని బతికే చేపలు. పాలిథీన్ కాగితాన్ని నీటికి అంటుకునేలా పరిస్తే నీటిలోనే ఉక్కిరిబిక్కిరై చనిపోతాయి.

తొట్టి చుట్టూ అదే థర్మోకోల్ కట్టి పైన గోనె చుట్టవచ్చు. ఊక దొరికే ఊళ్ళో థర్మోకోల్ కూడా అక్కరలేదు. పాత సిమెంటు సంచుల్లో ఊక నింపి గోడలా పేరిస్తే దానికి సాటి లేదు, తడవకుండా మీద పట్టా కప్పాలి, అంతే. కొరాపుట్టు వైపు వరిగడ్డి కొదవలేదు గనుక గడ్డి చుట్టినా సరే. అడుగున చెక్కపలక వేస్తే కాంక్రీటు చల్లదనం తగలదు. వెయ్యి లీటర్ల నీరంటే టన్ను బరువు. మిద్దె దాన్ని మోయగలదో లేదో ఇల్లు కట్టిన ఇంజనీరును అడిగే ఉంటారని అనుకుంటాను.

ఇంతా చేసి చాలామంది మరిచేది మడిని. వేడి కాఫీని గ్లాసులోంచి డవరాలోకి ఎత్తి పోస్తే ఎలా చల్లారుతుందో, రాత్రిపూట తొట్టి నీటిని చల్లని కంకర మీదికి ఎక్కించి దింపితే అలాగే చల్లారుతుంది. తొట్టికి ఎంత చక్కగా రగ్గు కప్పినా పంపు గంటగంటకూ దాన్ని బయటికి తీసుకుపోయి చలిలో నిలబెడుతుంది. పంపుకు టైమరు పెట్టి, సూర్యాస్తమయం నుంచి పొద్దున్న ఎనిమిది, తొమ్మిది దాకా రెండు గంటలకొకసారి పది నిమిషాలు నడిచేలా మార్చండి. కంకర తడి ఆరకుండా, అందులోని జీవులు చావకుండా అది చాలు. పగలు గాలి వెచ్చబడ్డాక మామూలుగా నడపండి. అప్పుడు ఎండకు కాగిన కంకరే నీటికి వేడి ఇస్తుంది. గాలి బుడగలు పంపే చిన్న మోటారును మాత్రం రాత్రి కూడా ఆపవద్దు. చల్లని నీటిలో ప్రాణవాయువు ఎక్కువ నిలుస్తుంది గనుక కాస్త తగ్గించవచ్చు. ఆ మోటారు బయటి చలిగాలి కాక ఇంటి లోపలి గాలి పీల్చేలా గొట్టం పెట్టుకుంటే ఇంకా మంచిది.

మూత, పందిరి, ఊక సంచులు, టైమరు, ఈ నాలుగూ అమర్చాక మళ్ళీ సాయంత్రం, పొద్దున్న థర్మామీటరు చూడండి. నాలుగు డిగ్రీలు పోయేచోట ఒకటి, ఒకటిన్నర పోతాయి. బెంగుళూరు, హోసూరుల్లో బంగారుతీగలో శీలావతో ఉన్నవారికి ఇక హీటరు అవసరమే ఉండదని నా అభిప్రాయం.

ఆ ఒకటిన్నర డిగ్రీ కూడా కావాలంటే కరెంటు కంటే ముందు వాడవలసినవి ఇంట్లోనే ఉన్నాయి. బోరు నీళ్ళు చలికాలపు పొద్దున్న గోరువెచ్చగా ఉండడం అందరికీ తెలిసిందే. భూమి లోతున కాలాలు మారవు గనుక అక్కడి నీరు బెంగుళూరు ప్రాంతాల్లో సుమారు 25 డిగ్రీలుంటుంది. 19 డిగ్రీల తొట్టిలోంచి వంద లీటర్లు తీసి మొక్కలకు పోసి, బదులు వంద లీటర్ల బోరు నీరు నింపితే అర డిగ్రీకి పైగా పెరుగుతుంది. నీరూ తేటపడుతుంది. బోరు నీటిలో ప్రాణవాయువు తక్కువ, అందుచేత ఎత్తు నుంచి ధారగా పడనివ్వాలి. కార్పొరేషన్ నీరైతే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు నిలవ ఉంచనిదే పోయవద్దు.

మిద్దె మీద సోలార్ వాటర్ హీటరు ఉన్న ఇళ్ళలో ఇంకో ఉపాయం. ఇరవై లీటర్ల మందపాటి ప్లాస్టిక్ డబ్బా, నూనె డబ్బా వంటిది, శుభ్రంగా కడిగి, 60 డిగ్రీల వేడినీటితో నింపి బిరడా గట్టిగా బిగించి సాయంత్రం తొట్టిలో వదలండి. నిదానంగా తన వేడి తొట్టికి ఇస్తుంది. ఒక్క డబ్బాకు సుమారు 0.8 డిగ్రీ. రెండు డబ్బాలతో పైన చెప్పిన ఒకటిన్నర వచ్చేసింది! మరునాడు అవే నీళ్ళు అంట్లు తోమడానికి పనికివస్తాయి. వేడినీటిని నేరుగా తొట్టిలో పోయడం మాత్రం వద్దు, పక్కనున్న చేప కాలుతుంది.

చేతిపని మీద ఇష్టం ఉన్నవారు డ్రిప్పుకు వాడే 16 మిల్లీమీటర్ల నల్ల గొట్టం వంద మీటర్లు తెచ్చి, మిద్దె మీద చాప చుట్టలా పరిచి, పగలు పది నుంచి నాలుగు దాకా తొట్టి నీటిని దాని గుండా తిప్పవచ్చు. మన వైపు చలికాలపు ఎండ చదరపు మీటరుకు రోజుకు అయిదు యూనిట్ల దాకా ఉంటుంది. అందులో సగం పట్టినా రెండు మూడు యూనిట్లు ఉచితం. నాలుగింటికి ఆ తిప్పడం ఆపాలి. మరిచిపోయి రాత్రి కూడా వదిలేశారో, పగలు వేడి చేసిన గొట్టమే అంతకంటే చక్కగా చల్లబరుస్తుంది. రాగి గొట్టం అయితే వేడి బాగా పడుతుందని ఒక నాగపూరు సోదరుడు రాశారు. నిజమే, కాని ఆక్వాపోనిక్స్ నీరు పుల్లబడే గుణం కలది. రాగి అందులో కొద్దికొద్దిగా కరుగుతుంది, ఆ కొద్దే చేపకు విషం. జస్తా పూత గొట్టాలదీ అదే కథ. ప్లాస్టిక్, స్టెయిన్‌లెస్ స్టీలు, ఈ రెండే వాడండి.

ఇవన్నీ చేసినా చాలక హీటరు పెట్టవలసినవారు, అంటే నాగపూరు, పుణె, కొరాపుట్టు వారిలో కొందరు, మూడు మాటలు వినాలి. ఒకటి, బకెట్లో స్నానపు నీళ్ళు కాచుకునే ఇమ్మర్షన్ రాడ్ చేపల తొట్టిలో పెట్టనే వద్దు. చాలావాటికి వేడి చాలాక ఆపే ఏర్పాటు ఉండదు, పైపూత చెడితే నీరంతా కరెంటే. "మీటరు చూసుకుంటూ పక్కనే ఉంటాం" అంటారు. తొట్టి దగ్గరికి మనవడు ఎప్పుడు వచ్చి చేయి పెడతాడో ఎవరు చూస్తారు? అక్వేరియం కోసమే చేసిన, పూర్తిగా మునిగే, థర్మోస్టాట్ గల హీటరు కొనండి. గాజుదైతే చిల్లులు పెట్టిన పీవీసీ గొట్టంలో పెడితే చేపల తాకిడికి పగలదు. నీరు తగ్గించేటప్పుడు ముందు స్విచ్చి ఆపాలి. రెండు, ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు తప్పనిసరి. ఎలక్ట్రీషియన్ కూలి చూసుకుని దీన్ని వాయిదా వేయకండి. తొట్టిలో చేయి పెట్టే ముందు ప్లగ్గు తీయడం ఇంటిల్లిపాదికీ అలవాటు చేయండి. వైరు తొట్టి నుంచి ప్లగ్గుకు పోయే దారిలో ఒకచోట కిందికి వేలాడి మళ్ళీ పైకి ఎక్కాలి. అప్పుడు వైరు వెంట జారే నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. మూడు, ఇన్వర్టర్‌తో హీటరు నడపాలనుకోకండి. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో నిండుగా ఉన్నా 1.8 యూనిట్లే. 400 వాట్ల హీటరు దాన్ని నాలుగు గంటల్లో మింగేస్తుంది. ఆ బ్యాటరీ గాలి మోటారుకు పెట్టండి. పది, ఇరవై వాట్లే కనుక రాత్రంతా నడుస్తుంది, కరెంటు పోయిన రాత్రి చేపను కాపాడేది అదే.

నీటిని 28 డిగ్రీలకు లాగాలనే ఆశ కూడా పెట్టుకోవద్దు. బయట 13 ఉన్నప్పుడు 21 దగ్గర నిలబెడితే తేడా ఎనిమిది, 28 దగ్గర నిలబెడితే పదిహేను. ఖర్చు దాదాపు రెట్టింపు. శీలావతికి చలికాలం గడవడానికి 20, 21 చాలు. పెరగడం సంగతి శివరాత్రి తరువాత చూసుకోవచ్చు. మార్చినా గంటకు ఒక డిగ్రీకి మించి మార్చకండి. పగలూ రాత్రీ పెద్ద తేడాలతో ఊగే నీటిలోనే చేపకు ఉప్పురవ్వల్లాంటి తెల్లమచ్చల జబ్బు పట్టుకుంటుంది. దానికి దుకాణాల్లో అమ్మే మైలతుత్తం మందులు, మలకైట్ గ్రీన్ ఈ తొట్టిలో పడకూడదు. అవి కంకర జీవులను చంపుతాయి, ఆ నీరు తాగిన ఆకుకూర మన పళ్ళెంలోకే వస్తుంది.

కొరాపుట్టు నుంచి ఒక మాస్టారు, తొట్టి చుట్టూ పాలిథీన్ గుడిసె వేసి అందులో రాత్రి బొగ్గుల కుంపటి పెడితే ఎలా ఉంటుందని అడిగారు. వద్దు మాస్టారూ. మూసిన చోట బొగ్గు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, పొగ లేదు. మేత వేద్దామని తలుపు తీసి లోపలికి వెళ్ళినవారు కూలబడిపోతారు. ఆ గుడిసె ఒక్కటే చాలు, కుంపటి అక్కరలేదు. మధ్యాహ్నం ఒక పక్క తెర ఎత్తండి, లేకపోతే లోపల మొక్కలు ఉడుకుతాయి.

మొక్కల మాట వచ్చింది గనుక చెబుతాను. చలికాలంలో మడిలో పాలకూర, మెంతి, కొత్తిమీర, క్యాబేజీ వేసుకున్నవారికి నీరు చల్లబడినా నష్టం లేదు, వాటికి అదే ఇష్టం. తోటకూర, బెండ, వంగ ముడుచుకుంటాయి. టమాటా ఆకుల అడుగున ఊదారంగు కనబడితే వేళ్ళు చలికి భాస్వరం అందుకోలేకపోతున్నాయని అర్థం. ఎరువు వేయకండి, ఎండ ముదిరితే అదే పోతుంది. గోంగూర గురించి ప్రతి ఏడూ ఉత్తరాలు వస్తాయి. ఊరికి దూరంగా ఉన్న మనకు ఆ ఒక్క మొక్క మీద ఉన్న మమకారం అలాంటిది. నీరు వేడి చేస్తే గోంగూర చలికాలంలో కూడా గుబురుగా ఆకు వేస్తుందా అని అడుగుతారు. వేయదు. గోంగూర పగలు పొట్టిదవడం చూసి పూతకు దిగే మొక్క, దాని లెక్క వెలుతురుతో. దానికోసం కరెంటు ఖర్చు దండగ. ఆశ్వయుజంలోనే కోసి పచ్చడి పెట్టి జాడీకెత్తుకోండి.

హోసూరు మామగారి విషయానికి నా సలహా ఇది. పంగాస్ మళ్ళీ వద్దు. ఈ చలి ముగిసేదాకా తొట్టి ఖాళీగా ఉంచినా, కంకర జీవులు ఆకలితో చావకుండా పది బంగారుతీగ పిల్లలను వేసి ఉంచండి. మనవడికి చూడడానికి కూడా ఏదో ఒకటి కదులుతూ ఉండాలి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక శీలావతి, బొచ్చె పిల్లలు తెచ్చుకుంటే, మళ్ళీ కార్తీకం నాటికి కూరకు వచ్చేవి వస్తాయి. పెద్దవాటిని ధనుర్మాసానికి ముందే తీసేస్తే చలిలో తొట్టి భారం తగ్గుతుంది. తిలాపియా కావాలనుకునేవారు ముందు తమ రాష్ట్ర మత్స్యశాఖను అడగాలి, దాన్ని అనుమతి లేకుండా పెంచకూడదు.

ఇంత జాగ్రత్త పడ్డా ఏదో ఒక పొద్దున్న చేపలు పక్కకు ఒరిగి కనబడవచ్చు. అప్పుడు తొందరపడి వేడినీళ్ళు పోయకండి. ముందు గాలి మోటారు పెంచండి. థర్మామీటరు చూడండి. మేత ఆపండి. తొట్టిలో అయిదో వంతు నీరు తీసి, దానికంటే ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే వెచ్చనైన బోరు నీరు నిదానంగా నింపండి. నోరు తెరిచి పైపైన తిరుగుతుంటే నైట్రైటు అనుమానించి, వెయ్యి లీటర్లకు అరకిలో రాళ్ళ ఉప్పు ఒక బకెట్ నీటిలో కరిగించి పోయండి. ఆ ఉప్పుకు ఆకుకూరలు ఓర్చుకుంటాయి, చిక్కుడుకు కొంచెం కష్టం. చనిపోయినవాటిని వెంటనే తీసేయండి. ఒరిగిన చేపను మాత్రం చచ్చిందని పారేయకండి. చలికి కొయ్యబారిన బంగారుతీగ పదకొండు గంటల ఎండకు లేచి ఈదడం కద్దు. మధ్యాహ్నం దాకా ఆగి, మొప్పలు కదులుతున్నాయేమో చూసి, అప్పుడు నిర్ణయించండి.